45 రోజులు ఎప్పటి నుంచి లెక్క? ఒక మెషిన్ షాపు బాకీల కేసు

చిన్న పరిశ్రమలకు ప్రభుత్వ సాయం అనగానే మాట రుణాల మీదికో సబ్సిడీల మీదికో పోతుంది. నా దగ్గరికి వచ్చే యూనిట్లలో చాలావాటికి కొత్త అప్పు అక్కర్లేదు. అమ్మిన సరుకు డబ్బు చేతికి వస్తే చాలు. దానికి చట్టం లేదా అంటే ఉంది, అదీ గట్టి చట్టమే. 2006 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉన్న ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టానికి జీఎస్‌టీ చట్టంలో ఒక నిబంధన, ఆదాయపన్ను చట్టంలో మరొకటి తోడయ్యాయి. వీటిని ఏ వరసలో, ఏ నెలలో వాడామన్నదే ఈ కేసు. యజమాని ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

యూనిట్, పార్టీ, బాకీ

హైదరాబాద్ బాలానగర్‌లో అద్దె షెడ్డులో నడిచే ప్రొప్రైటరీ యూనిట్ అది. రెండు సీఎన్‌సీ టర్నింగ్ మెషిన్లు, ఒక వీఎంసీ, కొన్ని పాత లేత్‌లు, పదకొండు మంది పనివాళ్లు. మెటీరియల్ తామే కొని షాఫ్టులు, ఫ్లాంజిలు, బుష్షులు చేసి అమ్ముతారు. టర్నోవరు ఏడాదికి 3 కోట్లకు కాస్త అటూ ఇటూ. 2020 జూలై 1 నుంచి వచ్చిన నిర్వచనంలో యంత్రాల మీద పెట్టుబడి కోటి, టర్నోవరు 5 కోట్లు దాటకపోతే సూక్ష్మ సంస్థ. కాబట్టి అప్పటి లెక్కలో ఇది సూక్ష్మమే. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ హద్దుల్ని 2.5 కోట్లకు, 10 కోట్లకు పెంచారు కనుక ఇప్పుడైతే ఇంకా సులువుగా ఆ గీత లోపలే ఉంటుంది.

అమ్మకాల్లో సగానికి పైగా ఒకే పార్టీకి. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీ ఉన్న, ప్రాసెస్ యంత్రాలు తయారుచేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. 2023 డిసెంబరు ఆఖరుకు ఆ పార్టీ నుంచి రావాల్సింది 38.1 లక్షలు. అందులో ఆ ఆర్థిక సంవత్సరం బిల్లులు 22 లక్షలు, అంతకు ముందు ఏడాదివి 14 లక్షలు. మిగిలిన 2.1 లక్షలు 2020లో చేసిన ఒక ఆర్డరు మీద పట్టి ఉంచుకున్న రిటెన్షన్.

ఈ 38.1 లక్షల్లో జీఎస్‌టీ వాటా 5.8 లక్షలు. అది ఎప్పుడో కట్టేశారు. బిల్లు కొట్టిన మరుసటి నెల 20వ తేదీకి రిటర్న్ వేయాలి, పార్టీ డబ్బు ఇచ్చిందా లేదా అని పోర్టల్ అడగదు. అంటే ఈ యూనిట్ పార్టీకి సరుకు అప్పిచ్చింది, దాని మీద పన్ను కూడా తన చేతి డబ్బుతో కట్టింది. ఆ పన్నును పార్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడేసుకుంది కూడా.

బ్యాంకులో సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్ 40 లక్షలు. కానీ 90 రోజులు దాటిన బాకీల్ని డ్రాయింగ్ పవర్ (డీపీ, అంటే ఆ లిమిట్లో నిజంగా వాడుకోనిచ్చే సొమ్ము) లెక్కలోకి తీసుకోరు. స్టాక్ స్టేట్‌మెంట్‌లో పాత బిల్లులు పెరిగేకొద్దీ డీపీ తగ్గుతూ వచ్చి 27 లక్షల దగ్గర ఆగింది. ఖాతా అప్పటికే దానికి పైన ఉంది. బ్రాంచి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. జీతాల కోసం ఆయన బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. బాకీ ఒకటే, దెబ్బలు మూడు చోట్ల: రావాల్సింది రాదు, బ్యాంకు ఇచ్చేది తగ్గుతుంది, బయటి వడ్డీ పెరుగుతుంది. చిన్న యూనిట్లు నష్టాలతో మూతపడ్డాయని రాస్తుంటారు గానీ, లాభాల పుస్తకం బాగానే ఉండి మూతపడేవే నేను ఎక్కువ చూస్తుంటాను.

కేసు వేద్దామని ఆయన రాలేదు. బ్యాంకు లిమిట్ పెంచడానికి ప్రాజెక్ట్ రిపోర్ట్ కావాలని వచ్చారు. బాకీల జాబితా చూశాక నేనే ఆ మాట ఎత్తాను. "నోటీసు అంటే రేపట్నుంచి డ్రాయింగులు పంపరు సార్, మీకు తెలియంది కాదు" అన్నారు. నిజమే. సగానికి పైగా పని ఒకే పార్టీ దగ్గర ఉన్నవాళ్లతో చట్టం గురించి మాట్లాడేటప్పుడు ఈ భయాన్ని పక్కన పెడితే సలహాకు విలువ ఉండదు.

గేటు ముద్ర

పర్చేజ్ ఆర్డరులో చెల్లింపు గడువు "జీఆర్‌ఎన్ తేదీ నుంచి 90 రోజులు" అని ఉంది. జీఆర్‌ఎన్ అంటే సరుకు ముట్టిందని పార్టీ తన కంప్యూటర్‌లో కొట్టుకునే నోటు. ఎప్పుడు కొట్టాలన్నది వాళ్ల ఇష్టం. సరుకు గేటు దాటి లోపలికి పోయాక "క్యూసీ (నాణ్యత తనిఖీ) పెండింగ్" అని వారాల తరబడి పక్కన పెడతారు. క్యూసీ అయ్యాక జీఆర్‌ఎన్, ఆ తర్వాత మొదలవుతాయి 90 రోజులు.

చట్టం ఇలా చెప్పదు. ఎంఎస్ఎంఈడీ చట్టం 15వ సెక్షన్ ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందంలో ఉన్న గడువులోగా కట్టాలి. ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు మించకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. ఈ 45 రోజుల సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు. ఎక్కువమంది చదవనిది 2వ సెక్షన్. రోజులు మొదలయ్యేది సరుకును అంగీకరించిన నాటి నుంచి. సరుకు ముట్టిన 15 రోజుల్లోపు కొన్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, ముట్టిన రోజే అంగీకరించిన రోజు అవుతుంది. అభ్యంతరం చెబితే దాన్ని సరిచేసిన రోజు నుంచి లెక్క. కంప్యూటర్‌లో జీఆర్‌ఎన్ ఎప్పుడు కొట్టారన్నదానికి ఇందులో చోటే లేదు.

అంటే కేసు మొత్తం ఒక్క ప్రశ్న మీద నిలబడింది: సరుకు ఆ గేటు ఎప్పుడు దాటిందో మనం చూపించగలమా?

షెడ్డులో ఒక మూల ఇనుప బీరువాలో డెలివరీ చలానాల ఫైళ్లు ఉన్నాయి. నూనె మరకలు అంటిన కాగితాలు. ముందువైపు చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. వెనక్కి తిప్పితే చాలావాటి మీద పార్టీ సెక్యూరిటీ వాళ్ల నీలం ముద్ర: గేట్ ఇన్వర్డ్ నంబరు, తేదీ, టైము, బండి నంబరు, పక్కన ఒక పొడి సంతకం. ఇన్నేళ్లలో ఆ వెనకవైపు ఎవరూ చూడలేదు. బిల్లుకు జతచేసిన జిరాక్సులు కూడా ముందువైపువే. నాకు కావాల్సిందల్లా అక్కడే ఉంది.

ఒక బిల్లు ఉదాహరణగా చెప్తాను. గేటు ముద్ర 2022 నవంబరు 17. జీఆర్‌ఎన్ 2023 జనవరి 23, అంటే 67 రోజుల తర్వాత. వాళ్ల లెక్కలో గడువు ఏప్రిల్ 23. చట్టం లెక్కలో నవంబరు 17 నుంచి 45 రోజులు, అంటే జనవరి 1. ఒకే బిల్లు మీద 112 రోజుల తేడా. పార్టీ అకౌంట్స్ వాళ్లు ఏప్రిల్‌లో "ఇంకా డ్యూ కాలేదు" అన్న ప్రతిసారీ ఇక్కడ చట్ట ప్రకారం వడ్డీ నడుస్తూనే ఉంది.

కొన్ని చలానాల మీద ముద్ర లేదు. ట్రాలీ డ్రైవరు దింపేసి వచ్చేశాడు. వాటికి ఈ-వే బిల్లులు ఉన్నాయి గానీ, అవి బండి కదిలిందని చెబుతాయే తప్ప సరుకు ముట్టిందని చెప్పవు. అప్పుడు పనికొచ్చింది పార్టీ వాళ్లు పంపిన మెయిలే. వాళ్ల జీఎస్‌టీ చూసే అమ్మాయి నెలనెలా చాలా శ్రద్ధగా రాసేది: "ఈ బిల్లులు మా 2బీలో (జీఎస్టీ పోర్టల్ చూపించే కొనుగోళ్ల జాబితాలో) కనబడటం లేదు, వెంటనే అప్‌లోడ్ చేయండి." కింద బిల్లు నంబర్లు. జీఎస్‌టీ చట్టం 16వ సెక్షన్ ప్రకారం సరుకు ముట్టకుండా ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవడానికి లేదు. క్రెడిట్ కోసం బిల్లు నంబరుతో సహా అడుగుతున్నారంటే సరుకు ముట్టినట్టే కదా. ముద్ర లేని బిల్లుల్లో ఒకటి తప్ప అన్నీ ఆ మెయిళ్లలో దొరికాయి.

ఈ కాగితాలన్నీ వరసలో పెట్టి, బిల్లు వారీగా గేటు తేదీ, 45వ రోజు, ఆ తర్వాతి వడ్డీ అని ఒక షీట్ తయారుచేశాం. వడ్డీ ఎంఎస్ఎంఈడీ చట్టం 16వ సెక్షన్ ప్రకారం రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. 2023 ఫిబ్రవరి 8 నుంచి రెండేళ్ల పాటు బ్యాంక్ రేటు 6.75 శాతం దగ్గరే ఉంది. మూడింతలంటే 20.25. లక్ష రూపాయల బాకీ ఏడాది ఆగితే 22,240 దాకా వడ్డీ. ఇది విని చాలామంది కొనుగోలుదారులు "ఇంత వడ్డీయా, దోపిడీ" అంటారు. మా యజమాని బయట కడుతున్నది ఏడాదికి 24 శాతం. చట్టం ఇప్పిస్తానంటున్నది ఆయనకు పడుతున్న ఖర్చు కన్నా తక్కువే.

చేతికి అందని పథకం

ఇలాంటి యూనిట్ల కోసమే పెట్టిన ఏర్పాటు ట్రెడ్స్. బిల్లును ఆన్‌లైన్‌లో పెడితే బ్యాంకులు పోటీపడి డిస్కౌంట్ చేసి డబ్బిస్తాయి, తర్వాత పార్టీ కట్టకపోయినా అమ్మినవాళ్ల మీదికి రారు. కాగితం మీద ఇంతకన్నా మంచి పథకం లేదు. కానీ బిల్లును పార్టీ అక్కడ ఆమోదించాలి. అప్పట్లో 500 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలకే ఇందులో నమోదు తప్పనిసరి, మా పార్టీ అంత పెద్దది కాదు. 2024 నవంబరులో ఆ హద్దును 250 కోట్లకు దించారు. అయినా నమోదు చేసుకోమన్నారే గానీ ప్రతి బిల్లూ అక్కడ ఆమోదించాలని ఎవరూ అనలేదు. ఆలస్యంగా కట్టడం వల్ల లాభపడేవాళ్లు, ఆ ఆలస్యం పోగొట్టే బటన్ తమంతట తామే నొక్కుతారని ఎదురుచూడటం నాకెప్పుడూ అర్థం కాదు.

నోటీసు కాదు, ఉత్తరం

2024 జనవరిలో పార్టీకి ఉత్తరం పంపాం. లాయరు నోటీసు కాదు, యూనిట్ లెటర్‌హెడ్ మీదే, ఫైనాన్స్ హెడ్ పేరున. పర్చేజ్ వాళ్లకు రాయలేదు. డ్రాయింగులు ఇచ్చేది వాళ్లు, వాళ్లతో మాట మామూలుగానే ఉండాలని యజమాని కోరిక. కాపీ మాత్రం కంపెనీ స్టాట్యుటరీ ఆడిటర్లకు పంపాం.

ఆడిటర్లకు ఎందుకంటే, అంతకు ముందే ఆ కంపెనీ బ్యాలెన్స్ షీట్ తీసి చూశాను. కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కొద్ది ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చు. ఎంఎస్ఎంఈడీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఎంత బాకీ ఉందో, ఎంత వడ్డీ పడిందో ఖాతాల్లో విడిగా చూపించాలి. అక్కడ సున్నా ఉంది. కింద అందరూ రాసే వాక్యమే: సరఫరాదారుల నుంచి తమ హోదా గురించి సమాచారం రాలేదు. మా వాళ్లు నిజంగానే ఎప్పుడూ చెప్పలేదు. ఉద్యమ్ (ఎంఎస్ఎంఈ రిజిస్ట్రేషన్) నంబరు బిల్లు మీద వేసే అలవాటు కూడా లేదు. అందుకే ఉత్తరంలో మొదటి పేరా అదే. మేం సూక్ష్మ సంస్థ, 2021 ఆగస్టు నుంచి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది, సర్టిఫికెట్ జత చేశాం. మీ ఆడిట్‌కు ఉపయోగపడుతుందని తెలియజేస్తున్నాం.

రెండో పేరాలో బిల్లుల జాబితా, గేటు తేదీలతో. మూడో పేరాలో రెండే విషయాలు. ఒకటి, బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సరఫరాదారుకు డబ్బు కట్టకపోతే తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి, కింది బిల్లులకు ఆ గడువు దాటింది. రెండు, 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఆదాయపన్ను చట్టం 43బీ(హెచ్) అమల్లోకి వచ్చింది. ఎక్కడా "కోర్టు", "చర్య" లాంటి మాటలు పెట్టలేదు. బెదిరింపు కనిపిస్తే కాగితం లీగల్ డిపార్ట్‌మెంట్‌కు పోయి అక్కడ నిద్రపోతుంది. ఫైనాన్స్ టేబుల్ మీద ఉండాలంటే దాన్ని ఫైనాన్స్ భాషలోనే రాయాలి.

ఫైనాన్స్ హెడ్ స్వయంగా ఫోన్ చేశారు. ఆయన అడిగింది బాకీ గురించి కాదు, 180 రోజుల జాబితా ఎలా తయారుచేశామని.

మార్చి నెల

43బీ(హెచ్) గురించి అప్పట్లో జరిగిన హడావుడి గుర్తుండే ఉంటుంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఎంఎస్ఎంఈడీ చట్టం 15వ సెక్షన్ గడువు దాటి బాకీ పడితే, ఆ ఖర్చును కట్టిన ఏడాదిలోనే ఆదాయం నుంచి మినహాయించుకోవాలి. పీఎఫ్, జీఎస్‌టీ లాంటివి రిటర్న్ గడువులోగా కడితే సరిపోతుంది. ఆ వెసులుబాటు దీనికి లేదు. మార్చి 31కి బాకీ ఉండి, గడువు కూడా దాటి ఉంటే ఆ ఏడాది మినహాయింపు పోయినట్టే. వాయిదా వేయమని వ్యాపార సంఘాలు అడిగాయి, ప్రభుత్వం వేయలేదు.

మా పార్టీకి లెక్క కట్టి చూద్దాం. 22 లక్షల్లో జీఎస్‌టీ తీసేస్తే ఖర్చు 18.6 లక్షలు. 22 శాతం రేటు ఎంచుకున్న కంపెనీకి సర్‌చార్జీ, సెస్ కలిపి పన్ను 25.17 శాతం. అంటే 22 లక్షలు ఆపుకుంటే ఆ ఏడాదే 4.7 లక్షల దాకా అదనపు పన్ను. మార్చి ఆఖరి వారంలో 22 లక్షలూ వచ్చాయి.

యజమాని సంబరంగా ఫోన్ చేశారు. నేను పేమెంట్ అడ్వైజ్ పంపమన్నాను. బిల్లు నంబరు వారీగా ఉంది, అన్నీ ఆ ఏడాదివే. ముందటేడాది 14 లక్షల్లో ఒక్క రూపాయీ కదల్లేదు. కారణం సులువే. ఆ బిల్లుల ఖర్చును వాళ్లు ముందటేడాదే మినహాయించేసుకున్నారు. కొత్త నిబంధన వాటిని తాకదు. మామూలుగా పాత బాకీకి ముందు జమ వేసుకుంటాం. కానీ కాంట్రాక్టు చట్టం 59వ సెక్షన్ ప్రకారం ఫలానా బిల్లుకు అని చెప్పి కడితే ఆ బిల్లుకే జమ వేయాలి. వాళ్ల ఆడిటర్ తన పని తాను తెలివిగా చేశాడు.

ఈ నిబంధన మీద నా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాను. దెబ్బ గట్టిదే, కానీ ఏడాదికి ఒక్కసారే తగులుతుంది. ఏప్రిల్ బిల్లును మార్చి 30న కట్టినా పన్ను పరంగా ఏమీ కాదు. ఏడాదంతా ఆపుకుని మార్చిలో కడితే చాలని కొనేవాళ్లకు నేర్పినట్టయింది. ఇంకో చిక్కు, ఇది సూక్ష్మ, చిన్న సంస్థలకే వర్తిస్తుంది. మధ్యతరహా వాళ్లకు లేదు. వ్యాపారులకూ లేదు, ఎందుకంటే వాళ్ల ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రాధాన్య రంగ రుణాల వరకే పనికొస్తుంది. అదే షాఫ్టును మధ్యతరహా యూనిట్ దగ్గరో, ట్రేడరు దగ్గరో కొంటే ఈ తలనొప్పి లేదని పర్చేజ్ వాళ్లకు తెలిసిపోయింది. చిన్నవాళ్లకు మాత్రమే ఇచ్చిన రక్షణ వాళ్ల దగ్గర కొనకపోవడానికి ఒక కారణమైంది. గడువు అమ్మేవాళ్లందరికీ ఒకటే ఉండి, వడ్డీలో మాత్రం చిన్నవాళ్లకు ఎక్కువ ఇస్తే ఈ తేడా రాదు.

ఊహించి రాస్తున్నది కాదిది. ఏప్రిల్‌లో కొత్త ఆర్డర్ల గురించి మాట్లాడటానికి వెళ్తే పర్చేజ్ మేనేజర్ టీ ఇప్పించి, "ఆ ఉద్యమ్ ఏదో క్యాన్సిల్ చేసేయండి అన్నా, ఆర్డర్లకు ఏ ఇబ్బందీ ఉండదు" అన్నారట. యజమాని ఆ రాత్రే నాకు ఫోన్ చేశారు. ఆయనకు మనసులో చేసేద్దామనే ఉంది. నేను వద్దన్నది ఆదర్శాలతో కాదు. ఉద్యమ్ తీసేస్తే బ్యాంకులో ప్రాధాన్య రంగ ఖాతా హోదాకు ఆధారం పోతుంది, గ్యారంటీ లేని రుణాలకు సీజీటీఎంఎస్ఈ (రుణ హామీ నిధి) కవర్ అడగలేం, ప్రభుత్వ టెండర్లలో డిపాజిట్ మినహాయింపు పోతుంది. పైగా 14 లక్షల కేసులో "వీళ్లు ఇప్పుడు రిజిస్టర్డ్ కాదు" అనే కొత్త వాదన మనమే వాళ్ల చేతికిచ్చినట్టు. క్యాన్సిల్ చేయలేదు. ఆ తర్వాతి మూడు నెలల్లో ఆర్డర్లు మూడో వంతు తగ్గాయి. ఈ ధర ముందే ఊహించి, జనవరి నుంచే చర్లపల్లిలో ఇద్దరు కొత్త పార్టీలకు శాంపిళ్లు పంపిస్తున్నాం కాబట్టి షాపు ఆగలేదు. పార్టీని అడగడానికి ముందే రెండో పార్టీని వెతుక్కోమని ఇప్పుడు ప్రతి క్లయింటుకూ చెబుతున్నాను. వసూలు పనిలో అది సగం.

కౌన్సిల్ ముందు

14 లక్షల మీద 2024 జూన్‌లో సమాధాన్ పోర్టల్ ద్వారా ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లాం. ఎంఎస్ఎంఈడీ చట్టం 18వ సెక్షన్ కింద ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు). 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. కౌన్సిళ్ల మీద ఉన్న భారం చూసినవాళ్లెవరూ ఆ గడువును నమ్ముకుని క్యాష్ ఫ్లో వేసుకోరు. మేమూ వేసుకోలేదు.

పార్టీ లాయరు మొదటి అభ్యంతరం: పర్చేజ్ ఆర్డరులోనే ఆర్బిట్రేషన్ క్లాజు ఉంది, మా ఎండీ నియమించినవారే ఆర్బిట్రేటరు, కౌన్సిల్‌కు అధికారం లేదు. 2022 అక్టోబరులో మహాకాళి ఫుడ్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. విడిగా ఆర్బిట్రేషన్ ఒప్పందం ఉన్నా ఎంఎస్ఎంఈడీ చట్టానిదే పైచేయి. అది అక్కడితో అయిపోయింది.

రెండోది నాణ్యత. ఇక్కడ కాస్త జాగ్రత్త పడాల్సి వచ్చింది. ఒక లాట్ ఫ్లాంజిల్లో బోర్ సైజు టాలరెన్స్ దాటిందని ముట్టిన పన్నెండో రోజున మెయిల్ ఉంది, ఫోటోలతో సహా. అది 15 రోజుల లోపలి అభ్యంతరమే, పైగా నిజం. 1.6 లక్షల ఆ బిల్లును మేమే వదిలేశాం. మిగతా బిల్లుల మీద వాళ్లు చూపించిన రిజెక్షన్ నోట్లన్నీ సరుకు ముట్టిన నాలుగైదు నెలల తర్వాతవి, రెండైతే మా ఉత్తరం అందాక రాసినవి. గేటు ముద్రల షీట్ పక్కన వాటి తేదీలు పెట్టేసరికి ఎక్కువ మాట్లాడాల్సిన పని పడలేదు. తప్పున్న బిల్లును మొదట్లోనే ఒప్పుకోవడం వల్ల మిగతా కాగితాలకు బలం వచ్చిందని నా నమ్మకం.

2025 ఫిబ్రవరి నాటికి అసలు 12.4 లక్షలు, వడ్డీ 6 లక్షలు దాటింది. పార్టీ రాజీకి వచ్చింది. దాని వెనక అదే చట్టం 19వ సెక్షన్ ఉంది. కౌన్సిల్ అవార్డు (తీర్పు) ఇచ్చాక కోర్టులో సవాలు చేయాలంటే ముందు 75 శాతం సొమ్ము డిపాజిట్ చేయాలి. వాళ్ల లాయరు ఆ సంగతి క్లయింటుకు చెప్పే ఉంటాడు. అసలు మొత్తం, వడ్డీ కింద 2.75 లక్షలు, మూడు వాయిదాల్లో అని కుదిరింది. 2024 మార్చిలో వచ్చిన 22 లక్షల మీద కూడా ఆలస్య వడ్డీ అడిగే హక్కు ఉంది, దాన్ని వదులుకున్నాం. పూర్తి వడ్డీ కోసం అవార్డు దాకా పోదామా అని యజమానిని అడిగాను. "అసలు రానివ్వండి సార్, వడ్డీ కోసం ఇంకో ఏడాది ఆగితే దానికి నేను వడ్డీ కట్టాలి" అన్నారు. లెక్క ఆయనదే కరెక్టు.

రాజీ పత్రం రాసేటప్పుడు రెండు సంగతులు పట్టుబట్టి పెట్టించాను. మొదటిది, కౌన్సిల్ రాజీ ప్రక్రియలో ఇరువైపులా సంతకాలు చేసిన ఒప్పందంగా ఉండాలి. ఆర్బిట్రేషన్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం దానికి అవార్డుతో సమానమైన విలువ ఉంటుంది. వాయిదా తప్పితే మళ్లీ మొదటికి రానక్కర్లేదు, నేరుగా అమలుకు వెళ్లొచ్చు. చెక్కులు తీసుకుని పిటిషన్ వెనక్కి తీసుకుంటే ఆ రక్షణ ఉండదు. రెండోది చాలామంది మరిచిపోయేది. ఆలస్యానికి వచ్చే వడ్డీ మీద కూడా జీఎస్‌టీ పడుతుంది, అది చేతికి వచ్చిన రోజున. 2.75 లక్షలు జీఎస్‌టీ కాకుండానా, కలిపేనా అన్నది రాయకపోతే 18 శాతం మన జేబులోంచే పోతుంది. "జీఎస్‌టీ అదనం, డెబిట్ నోట్ మీద" అని రాయించాం. వాళ్లకు ఎలాగూ క్రెడిట్ వస్తుంది కాబట్టి అభ్యంతరం చెప్పలేదు. వడ్డీ మీద టీడీఎస్ కోశారు, అది రిటర్న్‌లో సర్దుబాటైంది.

మూడు వాయిదాలూ వచ్చాయి. బయటి అప్పు తీరింది, డీపీ మళ్లీ లిమిట్ దగ్గరికి చేరింది. ఆ పార్టీకి ఇప్పటికీ సరఫరా ఉంది, మునుపటంత కాదు. కొత్త ఆర్డర్లలో గడువు "సరుకు ముట్టిన తేదీ నుంచి 45 రోజులు" అని ఉంటోంది. బిల్లు మీద ఉద్యమ్ నంబరు, చలానా వెనక ముద్ర లేకుండా ట్రాలీ తిరిగి రాకూడదని డ్రైవర్లకు షరతు.

మిగిలింది 2020 నాటి 2.1 లక్షల రిటెన్షన్. అప్పటికి ఈ యూనిట్‌కు ఏ రిజిస్ట్రేషనూ లేదు. ఆ తర్వాత రిజిస్టర్ చేసుకున్నంత మాత్రాన పాత సరఫరాలకు ఈ చట్టం వర్తించదని 2021లో సిల్పి ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఎన్‌బీసీసీ కేసులో ఇద్దరు న్యాయమూర్తుల బెంచ్, కౌన్సిల్‌కు వెళ్లడానికి ముందస్తు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదనే అభిప్రాయం చెబుతూ విషయాన్ని పెద్ద బెంచ్‌కు పంపింది. అది ఎటు తేలినా మా వాళ్లకు ఉపయోగం లేదు, మూడేళ్ల కాలపరిమితి దాటిపోయింది. అంతకు ముందు సివిల్ కోర్టుకు వెళ్లే దారి ఉండింది గానీ, 2.1 లక్షల కోసం అయ్యే ఖర్చు, తిరుగుడు చూసి కావాలనే వదిలేశాం. పుస్తకాల్లో మునిగిన బాకీగా రాసేశాం, దానికి ఆదాయపన్నులో మినహాయింపు దొరికింది. ఆ సొమ్ము మీద 2020లోనే కట్టిన 32 వేల జీఎస్‌టీ మాత్రం వెనక్కి రాదు. బాకీ మునిగితే పన్ను తిరిగిచ్చే ఏర్పాటు మన జీఎస్‌టీ చట్టంలో లేదు.